మెడ గ్రంథులకు క్యాన్సర్ పాకిందో లేదో తెలుసుకోవడానికి ఏ స్కాన్: అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్ఐ, పెట్

నాలుక పక్కన పుండు. ముక్క పరీక్షలో స్క్వామస్ కార్సినోమా అని తేలింది. డాక్టరు మెడ తడిమి చూశారు, బిళ్లలేమీ చేతికి తగల్లేదు. ఇక స్కాన్ రాయాలి. ఇంట్లోవాళ్లకు వెంటనే తోచేది, అన్నిటికన్నా పెద్దది పెట్ స్కానట కదా, అదే తీయించేస్తే సరిపోతుంది కదా అని. ఈ రోగికి మాత్రం పెట్ మొదటి ఎంపిక కాదు. అదే పుండు నాలుక మొదట్లో, గొంతు లోపల ఉండి, మెడలో రెండు మూడు బిళ్లలు తగిలితే అప్పుడు పెట్‌కు గట్టి కారణం ఉంటుంది. జబ్బు పేరు ఒకటే, వెతికేదీ మెడలోనే, అయినా స్కాన్ మారిపోయింది. ఎందుకు మారిందో అర్థమైతే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

గ్రంథి లోపల ఏం జరుగుతుంది

మెడలో సుమారు 300 లింఫ్ గ్రంథులుంటాయి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి చిక్కుడు గింజలా పొడుగ్గా, ఒక పక్క చిన్న నొక్కుతో ఉంటుంది. ఆ నొక్కు దగ్గరే రక్తనాళాలు లోపలికి వెళ్తాయి, కాస్త కొవ్వు కూడా ఉంటుంది. దాన్ని హైలమ్ అంటారు. క్యాన్సర్ కణాలు ఆ దారిన రావు. లింఫ్ ద్రవంతో కొట్టుకొచ్చి గ్రంథి పైపొర కిందే చిక్కుకుంటాయి. అక్కడ పెరుగుతూ హైలమ్‌ను నెట్టేస్తాయి. గింజ కాస్తా గోళీలా గుండ్రమవుతుంది. రక్తం అందక నడిమి భాగం కుళ్లుతుంది. చివరికి పైపొరను చీల్చుకుని పక్కనున్న కొవ్వులోకి, కండరంలోకి దిగుతాయి.

ప్రతి స్కానూ ఈ క్రమంలో ఎక్కడో ఒక చోట పట్టుకుంటుంది. మొట్టమొదటి దశను మాత్రం ఏదీ పట్టుకోలేదు. 2 మి.మీ. లోపున్న కణాల గుంపును మైక్రోమెటాస్టాసిస్ అంటారు. అది ఉన్నా గ్రంథి సైజు మారదు, ఆకారం మారదు, చక్కెర ఎక్కువ పీల్చే కణాలను వెలుగుగా చూపే పెట్‌లో వెలగదు. కాబట్టి రిపోర్టులో మెడ క్లియర్ అని వస్తే, కంటికి కనపడేంత జబ్బు లేదని మాత్రమే అర్థం. అసలు లేదని కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది ఒక స్కాన్ మీద ఇంకో స్కాన్ తీయించుకుంటూ ఆపరేషన్ వాయిదా వేసుకుంటారు.

సైజు చదవడం

రిపోర్టులో 22 × 7 మి.మీ. అని కనపడగానే గుండె గుభేలుమంటుంది. చూడాల్సింది పొడుగు కాదు, పొట్టి కొలత. అడ్డకోత బొమ్మలో గ్రంథి వెడల్పు అన్నమాట. దవడ మూల కింద ఉండే లెవెల్ 2 గ్రంథి గొంతుకూ పళ్లకూ వచ్చే ప్రతి ఇన్ఫెక్షన్‌కూ ఉబ్బుతుంది, అందుకని దానికి 11 మి.మీ. దాకా సడలింపు ఇస్తారు. మెడలో మిగతాచోట్ల 10 మి.మీ. గొంతు వెనక, వెన్నెముక ముందు దాక్కున్న రెట్రోఫారింజియల్ గ్రంథికైతే 5 మి.మీ. దాటినా అనుమానమే.

పైన చెప్పిన 22 × 7 గ్రంథి గింజ ఆకారంలో ఉండి హైలమ్ చక్కగా కనపడుతుంటే చాలాసార్లు భయపడాల్సింది ఉండదు. దాని పక్కనే 9 × 9 మి.మీ. గ్రంథి గుండ్రంగా, నడుమ నల్లని మచ్చతో ఉంటే, కొలత 10 దాటకపోయినా దాన్నే ముందు పట్టించుకోవాలి. నడిమి కుళ్లు అంత బలమైన ఆనవాలు. ఒక మెలిక ఉంది: సీటీలో హైలమ్ కొవ్వు కూడా నల్లగానే కనపడుతుంది. కొవ్వు అంచు వైపు ఉంటుంది, దాని హౌన్స్‌ఫీల్డ్ విలువ (సీటీలో సాంద్రత కొలత, నీటికి సున్నా) సున్నాకు కింద ఉంటుంది. కుళ్లు నడుమ ఉంటుంది, విలువ నీటికి కాస్త పైన ఉంటుంది. కొలవకుండా కంటితో తేలిస్తే ఇక్కడే తప్పు జరుగుతుంది.

గడ్డం కింద, దవడ కింద ఉన్నవి లెవెల్ 1. మెడ పక్క పెద్ద సిర వెంట పైనుంచి కిందికి 2, 3, 4. మెడ వెనక త్రికోణం 5. ముందు, థైరాయిడ్ చుట్టూ 6. పుండు ఎక్కడుందో దాన్నిబట్టి ఏ లెవెల్‌ను అనుమానించాలో తెలుస్తుంది. నోటి క్యాన్సర్ ఎక్కువగా 1, 2, 3కి వెళ్తుంది. స్వరపేటిక, గొంతు కింది భాగాల నుంచి 2, 3, 4కి. ముక్కు వెనక భాగంలో పుట్టింది రెట్రోఫారింజియల్, 2, 5 లెవెళ్లకు, అదీ తరచూ రెండు వైపులా. పుండు మధ్య గీత దాటితే రెండు వైపులూ వెతకాల్సిందే.

అల్ట్రాసౌండ్: సూది చేతిలో ఉంటేనే

పైపైన ఉన్న గ్రంథులకు దీన్ని మించిన స్పష్టత లేదు. 7 నుంచి 15 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ పెడితే 4, 5 మి.మీ. గ్రంథిలో హైలమ్ ఉందో లేదో కూడా తెలుస్తుంది. డాప్లర్‌లో రక్తం హైలమ్ నుంచి కొమ్మల్లా పారుతుంటే మంచిది. అంచుల నుంచి అడ్డదిడ్డంగా వస్తుంటే అనుమానించాలి. రేడియేషన్ లేదు, మందు ఎక్కించక్కర్లేదు, వెంటనే మళ్లీ చేయొచ్చు.

దీని అసలు బలం సూది పరీక్షతో కలిసినప్పుడే బయటపడుతుంది. తెరమీద చూస్తూ 22 నుంచి 25 గేజ్ సన్న సూదిని అనుమానం ఉన్న గ్రంథిలోకే దించి కణాలు తీస్తారు. మిగతా స్కాన్లన్నీ అనుమానం దగ్గర ఆగుతాయి, సూది కణాన్నే చూపిస్తుంది. చేతికి బిళ్లలు తగలని మెడలో లెవెల్ 2లో 7 మి.మీ., మిగతాచోట్ల 6 మి.మీ. పొట్టి కొలత దాటిన గ్రంథికి సూది వేయడం పాటించదగ్గ పద్ధతి. ఈ గీత ఇంకా కిందికి దించితే అనవసరపు సూదులు పెరుగుతాయి, 10 దగ్గరే ఉంచితే జబ్బున్నవి జారిపోతాయి.

సూదికీ పరిమితి ఉంది. పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం. నెగటివ్ వస్తే, సూది తగిలినచోట కణాలు లేవని మాత్రమే. నీరు నిండిన గ్రంథిలో ఇది మరీ ఎక్కువ. నలభై దాటినవాళ్లకు లెవెల్ 2లో నీటి సంచి లాంటి బిళ్ల కనపడితే పుట్టుకతో వచ్చిన బ్రాంకియల్ సిస్ట్ అని సరిపెట్టుకోకూడదు. టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో దాగున్న, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్, లేదంటే థైరాయిడ్ పాపిల్లరీ క్యాన్సర్ ఇలాగే బయటపడతాయి. నీరు లాగి పంపితే రిపోర్టు నెగటివ్ వస్తుంది. గోడలో గట్టిగా ఉన్న చోటునుంచి తీయాలి, కణాలు చాలితే హెచ్‌పీవీ ఆనవాలు చూపే పీ16 రంగు పరీక్ష చేయించాలి. థైరాయిడ్ అనుమానముంటే సూదిని సెలైన్‌తో కడిగి ఆ నీటిలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) చూడాలి. కణాలు దొరకనప్పుడు కూడా అది పట్టిస్తుంది.

అల్ట్రాసౌండ్‌కు కనపడనివి: గొంతు వెనక గ్రంథులు, ఛాతీలోవి, ఎముక చాటునో గాలి చాటునో ఉన్నవి. ఇంకొకటి, ఫలితం చేసేవారి చేతి మీద ఆధారపడుతుంది. "రెండు వైపులా చిన్న చిన్న లింఫ్ నోడ్లు ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాసిన రిపోర్టుతో ఎవరికీ ప్రయోజనం లేదు. ఏ లెవెల్, పొట్టి కొలత ఎంత, ఆకారం ఏమిటి, హైలమ్ ఉందా అనేవి రాసి ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోవడంలో తప్పేమీ లేదు.

సీటీ, ఎంఆర్ఐ: ఈ రెండింటి మధ్యే అసలు ఎంపిక

పుండు ఎంత లోతుకు వెళ్లిందో చూడటానికి ఎలాగూ ఈ రెండింట్లో ఒకటి తీస్తారు, అదే స్కాన్‌లో మెడ కూడా వస్తుంది. మెడ కోసం విడిగా ఇంకొకటి చాలాసార్లు అక్కర్లేదు. గ్రంథుల వరకు చూస్తే రెండింటి సత్తాలో పెద్ద తేడా లేదు. కాబట్టి పుండు ఉన్న చోటునుబట్టి ఎంచుకోవడం మేలు.

బుగ్గ, చిగుళ్లు, దవడ ఎముక, స్వరపేటిక అయితే సీటీ. కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఊపిరి ఇబ్బందిగా ఉన్నవాళ్లూ, వెల్లకిలా ఎక్కువసేపు పడుకోలేనివాళ్లూ తట్టుకోగలరు. పుర్రె అడుగు నుంచి ఛాతీ పైభాగం దాకా, 3 మి.మీ. లేదా అంతకన్నా సన్నని కోతలతో, సిరలోకి అయోడిన్ మందు ఎక్కించి తీయాలి. మందు లేని సీటీతో మెడ గ్రంథులను తేల్చబోవడం వృథా: గ్రంథీ రక్తనాళమూ ఒకే బూడిద రంగులో కనపడతాయి, నడిమి కుళ్లు తెలియదు. మందు వెళ్లిన వెంటనే కాక సుమారు 60 నుంచి 80 సెకన్ల తర్వాత తీస్తే నాళాలూ గ్రంథులూ విడివిడిగా తెలుస్తాయి. బుగ్గ క్యాన్సర్‌లో ఒక చిన్న ఉపాయం ఉంది. పెదాలు మూసి బుగ్గలు పూరించి ఉంచమంటారు. గాలి నిండగానే బుగ్గ చిగురుకు దూరం జరుగుతుంది, పుండు ఏ వైపుదో స్పష్టమవుతుంది. పళ్లలో లోహపు పూతలుంటే చారలు పడతాయి, యంత్రం కోణం మార్చి ఆ భాగం మళ్లీ తీయాలి.

మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) 30 కన్నా తక్కువుంటే జాగ్రత్త తప్పనిసరి. అలాంటివాళ్లు షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే స్కాన్ నాడు ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసుకుని మొదలుపెట్టాలి. థైరాయిడ్ క్యాన్సర్ రోగికి అయోడిన్ మందు ఎక్కిస్తే రేడియో అయోడిన్ చికిత్స నాలుగు నుంచి ఎనిమిది వారాలు వెనక్కి పోవచ్చు. అంటే సీటీ అసలే వద్దని కాదు. గ్రంథులు పెద్దవై శ్వాసనాళాన్ని, ఛాతీని తాకుతున్నాయనిపిస్తే ఆపరేషన్‌కు ముందు తీయడమే మంచిది, తేదీలు మాత్రం లెక్కలో పెట్టుకోవాలి.

నాలుక, నాలుక మొదలు, ముక్కు వెనక భాగం, లాలాజల గ్రంథులైతే ఎంఆర్ఐ. రెట్రోఫారింజియల్ గ్రంథిని ఇది బాగా చూపిస్తుంది. నరం వెంట జబ్బు పాకిందేమో, ఎముక మజ్జలోకి దిగిందేమో కూడా ఇందులోనే బాగా తెలుస్తుంది. డిఫ్యూజన్ సీక్వెన్సు (నీటి కదలికను చూపే ఒక విడత బొమ్మలు) కలిపితే కణాలు కిక్కిరిసిన గ్రంథిలో నీటి కదలిక తగ్గి, దాన్ని కొలిచే ఏడీసీ విలువ తక్కువగా వస్తుంది. కానీ కుళ్లిన గ్రంథిలో ఆ విలువ పెరిగిపోతుంది, ఒక్క అంకె పట్టుకుని తేల్చకూడదు. 30 నుంచి 45 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఇక్కడే ఎక్కువ స్కాన్లు చెడిపోతాయి: రోగి గుటక వేసిన ప్రతిసారీ మెడ కదిలి బొమ్మ మసకబారుతుంది. లాలాజలం ఊరుతూ, నొప్పితో ఉన్న రోగికి ఇది నిజంగా కష్టం. నొప్పి మాత్ర ముందే వేసుకుని, ఒక్కో సీక్వెన్సుకు మధ్య విరామంలో గుటక వేయమని చెబితే తేడా కనపడుతుంది. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పాలి. పడుకుంటే ఊపిరి ఆడనివాళ్లను మత్తిచ్చి ఎంఆర్ఐలోకి పంపడం ప్రమాదం, వాళ్లకు సీటీయే.

గ్రంథి పైపొర చీలి జబ్బు బయటకు వచ్చిందా అనే ప్రశ్నకు రెండూ సగం జవాబే ఇస్తాయి. కండరంలోకి పాకినట్టు స్పష్టంగా కనపడితే నమ్మవచ్చు. కనపడకపోతే లేదనలేం. అందుకే 2018లో అమల్లోకి వచ్చిన, క్యాన్సర్ స్టేజి నియమాల పుస్తకం ఏజేసీసీ ఎనిమిదో ఎడిషన్‌లో, ఒక్క స్కాన్ ఆధారంగా దీన్ని స్టేజిలో లెక్క వేయరు. చర్మంలోకి రావడం, బిళ్ల కదలకుండా అతుక్కుపోవడం, నరం పడిపోవడం లాంటి గుర్తు డాక్టరు పరీక్షలోనూ ఉండాలి.

పెట్ సీటీ: ఎప్పుడు బలం, ఎప్పుడు బలహీనం

ఫ్లోరిన్-18 అతికించిన చక్కెరను సిరలోకి ఎక్కించి, ఆకలి మీదున్న కణాలు దాన్ని ఎక్కడ పీల్చుకున్నాయో చూసే స్కాన్ ఇది. దీని బలం విస్తృతి: తల నుంచి తొడల దాకా ఒకేసారి. ఊపిరితిత్తుల్లో మచ్చ, ఎముకకు పాకడం, ఇంకెక్కడో రెండో క్యాన్సర్, అన్నీ బయటపడతాయి. బలహీనత సూక్ష్మత. 5 మి.మీ. లోపు గ్రంథిలో జబ్బున్నా వెలుగు కెమెరాకు అందదు. నీరు నిండిన, కుళ్లిన గ్రంథిలో బతికున్న కణాలు తక్కువ, అదీ సరిగా వెలగదు. ఇంకోపక్క క్షయ, పంటి చీము, ఇటీవలి ముక్క పరీక్ష గాయం కూడా వెలుగుతాయి. అందుకే ఎస్‌యూవీ (వెలుగు ఎంతుందో చెప్పే కొలత) ఇంత దాటితే క్యాన్సరే అని చెప్పే అంకె లేదు.

చేతికి బిళ్లలు తగలని మెడల మీద ఏసీఆర్ఐఎన్ 6685 అనే అధ్యయనం 2019లో వెలువడింది. ఏమీ లేదని పెట్ చెప్పిన మెడ వైపుల్లో సుమారు 87 శాతమే ఆపరేషన్ తర్వాత నిజంగా శుభ్రంగా తేలాయి. మంచి అంకెలాగే ఉంటుంది. కానీ ఎనిమిదింట ఒకటి తప్పుతుందంటే, దాన్ని నమ్ముకుని చిన్న నోటి పుండున్న రోగికి మెడ ఆపరేషన్ (మెడ గ్రంథులు తీసేయడం) మానేయమనడం కష్టం.

తయారీ సరిగా లేకపోతే పెట్ పూర్తిగా పాడవుతుంది. ఆరు గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగొచ్చు. రక్తంలో చక్కెర 200 మి.గ్రా. దాటితే వాయిదా వేయడమే మేలు, ఎందుకంటే మామూలు చక్కెరే కణాల్లోకి ముందు దూరిపోతుంది. మందు ఎక్కించాక సుమారు 60 నిమిషాలు మాట్లాడకుండా, ఏమీ నమలకుండా, వెచ్చగా కప్పుకుని పడుకోవాలి. మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి, చలి వేస్తే మెడలోని గోధుమరంగు కొవ్వు (ఒంట్లో వేడి పుట్టించేది) వెలుగుతుంది, అది గ్రంథిలా కనపడుతుంది. ఒక స్వరతంత్రి పడిపోయిన రోగిలో బాగున్న రెండోది ఎక్కువ పని చేసి వెలుగుతుంది. విషయం తెలియకపోతే ఆ మంచి వైపునే జబ్బని రాసే ప్రమాదముంది.

రోగి పరిస్థితినిబట్టి

చిన్న నోటి పుండు, మెడ తడిమితే ఏమీ లేదు: పుండు కోసం తీసే ఎంఆర్ఐ లేదా సీటీ, దానికి తోడు అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది. పెట్ వద్దు. అన్నీ నెగటివ్ వచ్చినా కథ అయిపోదు. ముంబై టాటా మెమోరియల్ వైద్యుల బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి రోగులకు పుండుతోపాటే మెడ గ్రంథులు తీసేసినప్పుడు మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. గ్రంథులు బయటపడే దాకా ఆగినవాళ్లలో 67.5 శాతం. పుండు లోతు 3 మి.మీ. దాటితే స్కాన్ బాగుందని మెడను వదిలేయకపోవడం మంచిదని ఈ అంకెలు చెబుతున్నాయి.

మెడ మొత్తం తీయకుండా తేల్చే దారి సెంటినల్ నోడ్ బయాప్సీ. పుండు చుట్టూ రెండు మూడు చోట్ల రేడియోధార్మిక టెక్నీషియం కలిపిన మందు గుచ్చి, అది మొదట చేరిన గ్రంథుల్ని స్పెక్ట్-సీటీతో గుర్తించి, ఆపరేషన్ బల్ల మీద గామా ప్రోబ్‌తో వెతికి తీస్తారు. పాథాలజీలో వాటిని పలుచని పొరలుగా కోసి, కెరాటిన్ రంగు (దాగున్న క్యాన్సర్ కణాలను చూపేది) వేసి చూస్తారు. ఏ స్కాన్‌కూ చిక్కని మైక్రోమెటాస్టాసిస్‌ను పట్టగలిగేది ఇదే. నాలుక కింద పుండుంటే మాత్రం గుచ్చిన మందు వెలుగే పక్కనున్న లెవెల్ 1 గ్రంథిని కప్పేస్తుంది, అక్కడ తప్పిపోయే అవకాశం ఎక్కువ. అనుభవమున్న చోట చేయిస్తేనే దీన్ని ఎంచుకోవాలి.

మెడలో బిళ్లలు తగులుతున్న పెద్ద జబ్బు: మందు ఎక్కించిన సీటీ, ఛాతీతో కలిపి. బిళ్లలు ఎక్కువున్నా, లెవెల్ 4 దాకా దిగినా, గొంతు లోపలి క్యాన్సరైనా పెట్ కలపడం సమంజసం. దూరాన ఎక్కడైనా జబ్బుంటే చికిత్స మొత్తం మారిపోతుంది.

మెడలో క్యాన్సర్ బిళ్ల ఉంది, పుండు ఎక్కడుందో తెలియదు: ముందు సూది పరీక్ష, పీ16. తర్వాత పెట్. ఆ తర్వాతే మత్తిచ్చి గొంతు చూడటం, టాన్సిల్ ముక్క తీయడం. వరస తిరగబడితే కోసిన గాయాలే వెలిగి అసలు పుండును కప్పేస్తాయి. బిళ్లను ముందే కోసి తీయడం కూడా పొరపాటే, తర్వాత జరగాల్సిన మెడ ఆపరేషన్‌ను అది చిక్కుల్లో పడేస్తుంది. బిళ్ల కాలర్ ఎముక పైన మాత్రమే ఉంటే ఊపిరితిత్తులు, పొట్ట వైపు కూడా వెతకాలి.

థైరాయిడ్: అల్ట్రాసౌండ్, సూది, థైరోగ్లోబ్యులిన్ కడుగు. చాలామందికి అంతకన్నా అక్కర్లేదు.

ఎవరికైనా వర్తించేది ఒకటుంది. రేడియేషన్‌కు ముందు పాడైన పళ్లు తీయించమంటారు. స్కాన్ ఆ పళ్లు తీయకముందే జరగాలి, లేకపోతే ఉబ్బిన గ్రంథులు క్యాన్సర్‌లా కనపడతాయి. సెంటరు మారేటప్పుడు ఫిల్ములు కాదు, సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో పూర్తి డైకామ్ బొమ్మలు (స్కాన్ యంత్రం ఇచ్చే అసలు ఫైళ్లు) తీసుకెళ్లాలి. ఫిల్ము మీద 5 మి.మీ. గ్రంథిని మళ్లీ కొలవడం దాదాపు అసాధ్యం.

కీమో, రేడియేషన్ అయ్యాక

ఇక్కడ పెట్‌కు సాటి లేదు, సమయం పాటిస్తే. చికిత్స ముగిశాక 12 వారాలు ఆగాలి. ఆత్రంకొద్దీ ఆరు వారాలకే తీయిస్తే రేడియేషన్ వాపే వెలిగి లేనిపోని ఆపరేషన్‌కు దారితీస్తుంది. 2016లో వెలువడిన పెట్-నెక్ అధ్యయనంలో 564 మంది రోగుల్లో సగం మందికి మెడ ఆపరేషన్ ముందుగానే నిర్ణయించారు, మిగతా సగానికి 12 వారాల పెట్ చూసి అవసరమైతేనే చేశారు. రెండేళ్లకు బతికున్నవాళ్లు పెట్ వైపు 84.9 శాతం, ఆపరేషన్ వైపు 81.5 శాతం. జరిగిన ఆపరేషన్లు మాత్రం పెట్ వైపు 54, ఆపరేషన్ వైపు 221.

గ్రంథి ఇంకా కనపడుతూ పెట్‌లో వెలగకపోతే, ముఖ్యంగా హెచ్‌పీవీ క్యాన్సర్‌లో, అది మెల్లగా కుంచించుకుపోతున్న మచ్చ కావచ్చు. గట్టిగా వెలుగుతుంటే సూది, ఆపైన ఆపరేషన్. మధ్యస్థంగా ఉంటే అల్ట్రాసౌండ్‌తో సూది వేసి చూడొచ్చు, కానీ రేడియేషన్ తగిలిన గ్రంథిలో చచ్చిన కణాలకూ బతికున్నవాటికీ తేడా తేల్చడం పాథాలజిస్టుకూ కష్టమే. అలాంటప్పుడు కొన్ని వారాలు ఆగి, అదే యంత్రం మీద, మందు ఎక్కించాక అంతే సమయం ఆగి పెట్ మళ్లీ తీయించి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడమని అడగాలి.